ఆమె తరఫున ఇచ్చిన మాట

జానకిరామ్ గారిని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేస్తూ ఉత్తర్వులు వచ్చిన రోజున బార్ అసోసియేషన్ హాల్లో స్వీట్లు పంచింది ఆస్రాయే. పంచుతుంటే ఒకరిద్దరు సీనియర్లు "నీకేం తల్లీ, ఇక మీ సార్ గవర్నమెంటు మనిషి" అని వేళాకోళం చేశారు. ఆమె నవ్వింది. ఆ నవ్వులో నటన లేదు. నల్లకోటు వేసుకుని విజయవాడ కోర్టు మెట్లు ఎక్కుతోందంటే అది ఆయన చలవేనని ఆమెకు తెలుసు.

ఆస్రా తండ్రి షబ్బీర్ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే మేస్త్రి. లా చదువు పూర్తయ్యాక ఆమె జూనియర్‌గా చేరడానికి చాలా ఆఫీసుల గడపలు తొక్కింది. కొందరు పెళ్ళెప్పుడని అడిగారు. కొందరు పేరు విని "చూద్దాంలేమ్మా" అన్నారు. జానకిరామ్ మాత్రం ఏమీ అడక్కుండా ఒక ఫైలు చేతిలో పెట్టి, "ఇది చదువుకొచ్చి నాకు కథలాగా చెప్పు. చట్టం సంగతి తర్వాత" అన్నారు. ఆమె చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విని, "రేపట్నించి వచ్చెయ్" అన్నారు. అంతే.

అప్పట్లో ఆయన పేరు కోర్టులో కంటే టీవీలో ఎక్కువగా వినపడేది. పాత ప్రభుత్వం ఉన్న రోజులవి. ఫేస్‌బుక్‌లో ఏదో రాశాడని ఒకణ్ణి, వాట్సాప్‌లో ఏదో పంపాడని ఇంకొకణ్ణి పోలీసులు ఇంటికొచ్చి తీసుకుపోవడం మామూలైపోయింది. సాయంత్రం చర్చల్లో జానకిరామ్ కుర్చీలో ముందుకు వంగి, తొందరపడకుండా, ఎదుటివాడు అరుస్తున్నా గొంతు పెంచకుండా మాట్లాడేవారు.

"నాయకుడికి కోపం రావడం వేరండీ, ఊళ్ళో శాంతి చెడటం వేరు. ఈ రెండిటికీ తేడా తెలియని పోలీసు చేతిలో పడితే చట్టం కాస్తా లాఠీ అయిపోతుంది."

ఈ మాట రాష్ట్రమంతా తిరిగింది. రాసిచ్చింది ఆస్రా. పాత తీర్పులు వెతికి, అవసరమైన పేరాలు తేలిక తెలుగులోకి మార్చి, సాయంత్రానికల్లా ఆయనకిచ్చేది. ఆమె కాగితం మీద చిన్నగా ఉన్నవి ఆయన గొంతులో పెద్దవయ్యేవి. ఆటోనగర్ షెడ్డులో షబ్బీర్ తన తోటివాళ్ళకు ఫోన్లో ఆ వీడియో చూపించి, "మాటలు మా పిల్లవి" అని చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. జానకిరామ్ మాట్లాడుతూ వచ్చిన పక్షం గెలిచింది. ఆ గెలుపులో ఆయన గొంతుకూ వాటా ఉందని అందరూ అన్నారు. కొన్నాళ్ళకు పదవి వచ్చింది. చేతిలో ఉన్న చిన్న ఫైళ్ళన్నీ ఆయన ఆస్రాకు అప్పగించి, "ఇక నీ కాళ్ళమీద నువ్వు నిలబడు. తడబడితే చెప్పు, నేనెక్కడికీ పోలేదు" అన్నారు.

రత్తమ్మ ఆ ఏడాది దసరా ముందు వచ్చింది. ఆస్రాతోపాటు జానకిరామ్ దగ్గర పనిచేసిన చక్రి ఆమెను వెంటబెట్టుకొచ్చి, "ఈమె కేసు ఎవరూ ముట్టుకోవట్లేదు, ఒకసారి విను" అన్నాడు. రత్తమ్మకు అరవై దాటి ఉంటాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా కోడలండి. నాగమల్లేశ్వరి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే వచ్చి జీపెక్కించారు. పెద్దకోర్టులో అడిగితే వదులుతారంట గదా?"

"ఎందుకు తీసుకెళ్ళారు?"

"ఫోన్లో మాట్లాడిందండి. అంతే."

ఆ కుటుంబానిది చేపల వ్యాపారం. భవానీపురం దగ్గర కృష్ణ ఒడ్డున ఒక చిన్న రేవుంది. పడవలు అక్కడికే వస్తాయి, చేపలు అక్కడే దించుకుని ఆడవాళ్ళు అక్కడే అమ్ముకుంటారు. నాగమల్లేశ్వరి భర్త పడవ మీద, ఆమె ఒడ్డున. అధికార పార్టీలో ఆ ప్రాంతానికి పెద్దగా చలామణి అవుతున్న దుర్గాప్రసాద్ అక్కడ పార్కు వస్తుందని చెప్పి రేవు చుట్టూ కంచె కట్టించాడు. గేటు పెట్టించాడు, తాళం వేయించాడు. పార్కు మాత్రం రాలేదు. కంచె లోపల ఇసుక టిప్పర్లు నిలబడటం మొదలైంది. పడవలవాళ్ళు చాలా దూరం అవతల బురదలో దిగి, బుట్టలు మోసుకుంటూ రోడ్డెక్కాల్సి వచ్చింది. అడగాల్సిన చోటల్లా అడిగారు. చివరికి నాగమల్లేశ్వరి ఆ గేటు ముందు నిలబడి ఫోన్లో వీడియో తీసి వదిలింది.

చక్రి ఆ వీడియో చూపించాడు. ముప్పై ఏళ్ళ మనిషి, కొంగు నడుముకు దోపుకుని, ఎవరితోనో వీధిలో తగాదా పడుతున్నట్టే మాట్లాడుతోంది.

"దుర్గాప్రసాద్ గారూ, ఓట్లకొచ్చినప్పుడు ఇదే రేవులో నా చేతి పులుసు తిన్నారు. ఇంకొంచెం వెయ్యమ్మా అన్నారు, ఏశాను. ఇయ్యాల మా రేవుకి మీరు తాళమేశారు. ఈ ఏరు మీకేమన్నా మీ మావగారు రాసిచ్చాడా? సిగ్గుండద్దా మనిషికి? మేం ఓట్లేసింది మమ్మల్ని బురదలో నడిపించమనా?"

ఆస్రాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. చక్రి కేసు కాగితం ముందు పెట్టాడు. వర్గాల మధ్య విద్వేషం రెచ్చగొట్టడం, ప్రజలను భయపెట్టే తప్పుడు ప్రచారం, శాంతిభంగం అయ్యేలా అవమానించడం.

"ఇందులో వర్గాలెక్కడున్నాయి చక్రీ?"

"చేపలవాళ్ళంతా ఒక వర్గం. దుర్గాప్రసాద్ ఒక్కడే ఒక వర్గం" అన్నాడు చక్రి నవ్వకుండా.

ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరమైతే ముందు నోటీసిచ్చి పిలిపించాలి. అవసరం ఉంటేనే అరెస్టు చేయాలి, ఆ అవసరమేమిటో రాసి మరీ చేయాలి. ఈ సంగతి ఆస్రాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఇక్కడ నోటీసూ లేదు, కారణమూ లేదు. అయినా కింది కోర్టు రిమాండ్ ఇచ్చింది, బెయిలు కొట్టేసింది. ఇక సెషన్స్ కోర్టులో వేయాలి. ఆ కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడేది జానకిరామ్.

అందుకే ఎవరూ ముట్టుకోవడం లేదని అప్పుడు అర్థమైంది.

ఇంటికెళ్ళి చెబితే తల్లి అన్వరీ చేతిలో పని ఆపేసింది. "ఆయన ఉప్పు తిన్నావ్ బేటీ. పైగా ఇది రాజకీయం. వాళ్ళు ముందు నీ పేరు చూస్తారు, ఆ తర్వాతే నీ కేసు చూస్తారు" అంది.  భోజనం అయ్యాక షబ్బీర్ చేయి కడుక్కుంటూ, "ఆ మనిషి లోపలుంది కదా" అన్నాడు. అది వెళ్ళమని చెప్పడమో, ఆలోచించుకోమని చెప్పడమో ఆస్రాకు తెలియలేదు.

పిటిషన్ వేసే ముందు ఆమె జానకిరామ్‌ను కలవడానికి గుణదలలోని ఆయన ఇంటికి వెళ్ళింది. చాటుగా ఏదో అడగాలని కాదు. చెప్పకుండా ఎదురు నిలబడటం ఆమెకు మర్యాదగా తోచలేదు. ఆయన భార్య హేమ గారు కాఫీ ఇచ్చి, "బొత్తిగా నల్లపూసవైపోయావు" అని నిష్ఠూరమాడి లోపలికి వెళ్ళారు.

"నాగమల్లేశ్వరి కేసు నేను తీసుకున్నాను సార్."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "తీసుకో. నీ వృత్తి."

"ఆ వీడియో చూశారా?"

"చూశాను."

"అందులో నేరమేముంది సార్?"

"ఆస్రా, నేనిప్పుడు నా అభిప్రాయం చెప్పే కుర్చీలో లేను. ప్రభుత్వం అభిప్రాయం చెప్పే కుర్చీలో ఉన్నాను. క్లయింటు మారితే వాదన మారుతుంది. నీకది నేను మొదటి ఏడాదే చెప్పాను."

"చెప్పారు. మరి అప్పుడు టీవీలో మాట్లాడినప్పుడు మీ క్లయింటెవరు సార్?"

ఆ మాట అనాలని ఆమె రాలేదు. నోరు జారింది. ఆయన ముఖం ఎర్రబడలేదు, గొంతు పెరగలేదు. కాఫీ గ్లాసు ఆమె వైపు జరిపారు.

"అప్పటి పరిస్థితులు వేరు" అన్నారు. "కాఫీ చల్లారిపోతోంది, తాగు."

విచారణకు వచ్చింది దసరా సెలవులకు ముందు కోర్టు పనిచేసే ఆఖరి రోజున. ఆ రోజు తేలకపోతే మళ్ళీ సెలవులు అయ్యాకే. ఆ మధ్యలో వెకేషన్ కోర్టు ఉంటుంది గానీ అక్కడ ఎవరు కూర్చుంటారో, ఎప్పటికి వింటారో చెప్పలేం. హాలు కిటకిటలాడుతోంది. పనున్నవాళ్ళూ ఉన్నారు, గురుశిష్యుల పోటీ చూద్దామని వచ్చినవాళ్ళూ ఉన్నారు. రత్తమ్మ తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది.

లోపలికి వెళ్ళబోతుంటే చక్రి చెవిలో అన్నాడు. "సార్ పాత వీడియోలో మాటలన్నీ ప్రింటు తీయించాను. ప్రతి ముక్కా ఉంది. జడ్జి గారి ముందు పెట్టు. ఆయనింక నోరెత్తలేరు."

"టీవీలో ఆయన మాట ప్రభుత్వాన్ని కట్టెయ్యదు చక్రీ. అది వాదన కాదు, పరువు తియ్యడం."

"తియ్యాల్సిన పరువే కదా."

ఆమె ఆ కాగితాలు తీసుకోలేదు.

జానకిరామ్ ముందు మాట్లాడారు. వీడియోను లక్షలమంది చూశారన్నారు. ఇప్పటికే ఆ రేవు దగ్గర గుంపులు చేరుతున్నాయని, ఆమె బయటికొస్తే మళ్ళీ ఇలాంటివే చేస్తుందని, దర్యాప్తు ఇంకా మొదటి దశలోనే ఉందని చెప్పారు. ఎప్పటిలాగే గొంతు పెంచలేదు. అలా నిమ్మళంగా చెబుతుంటే ఆ గేటు ముందు కొంగు దోపుకుని నిలబడిన మనిషి ఏదో పెద్ద ఉపద్రవంలా కనపడసాగింది.  ఈ పనితనం చూసే కదా ఆస్రా ఆయన దగ్గర నేర్చుకుంది.

తన వంతు వచ్చినప్పుడు ఆమె నోటీసు విషయంతో మొదలుపెట్టింది. అరెస్టుకు కారణం రాయలేదని కేసు డైరీ నుంచే చూపించింది. సెక్షన్ పెట్టాలంటే రెండు వర్గాలుండాలి, ఇక్కడున్నది ఒక మనిషి మీద ఒక మనిషికి కోపం మాత్రమే అంది. తీర్పులు వరసగా చెప్పింది. చెప్పుకుంటూ పోతూ, ముందుగా అనుకోకుండానే, ఆ మాట అనేసింది.

"నాయకుడికి కోపం రావడం వేరు, ఊళ్ళో శాంతి చెడటం వేరు. దయచేసి కోర్టు వారు ఆ తేడా గమనించాలి."

వెనక బెంచీల్లో చిన్న కదలిక. ఎవరో దగ్గారు, ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆ వాక్యం విననివాళ్ళు ఆ హాల్లో లేరు. జానకిరామ్ తలెత్తలేదు. చేతిలో పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టారు.  ఆస్రా తన సొంత మాటే వాడుకుంది. అయినా ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టు అనిపించింది.

జడ్జి గారు పెద్దావిడ. ఇద్దరినీ కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"ప్రాసిక్యూటర్ గారూ, మీ భయమల్లా ఆమె మళ్ళీ ఇలాంటి వీడియోలు పెడుతుందనేగా?"

"అంతేనండీ."

"కేసు తేలేదాకా ఈ విషయం మీద సోషల్ మీడియాలో గానీ, మీడియాతో గానీ, పదిమందిలో గానీ మాట్లాడనని ఆమె హామీ ఇస్తే?"

జానకిరామ్ లేచారు. "ఆ షరతు ఉంటే ప్రభుత్వానికి అభ్యంతరం లేదండీ."

జడ్జి గారు ఆస్రా వైపు తిరిగారు. "ఏమంటారు? ఒప్పుకుంటే ఇప్పుడే ఆర్డరు వేస్తాను. లేదంటే పూర్తిగా విని సెలవుల తర్వాత ఉత్తర్వులు."

ఆస్రా వెనక్కి చూసింది. రత్తమ్మ ఇక్కడ జరిగే ఇంగ్లీషూ తెలుగూ కలిసిన మాటల్లో సగమైనా అర్థం కాక, అర్థమైనట్టు రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. జైలుకు ఫోన్ చేసి అడిగే వీలు లేదు. ఒక గంట టైము అడగొచ్చు, కానీ గంటలో ఏం జరుగుతుంది? ఇంటి దగ్గర నాగమల్లేశ్వరికి ఇద్దరు పిల్లలున్నారు. పండగొస్తోంది. ఇవన్నీ ఒక్కసారి ఆమె తలలో తిరిగాయి.

"ఒప్పుకుంటున్నామండీ" అంది.

పూచీకత్తులు, కాగితాలు అన్నీ అయి నాగమల్లేశ్వరి జైలు బయటికొచ్చేసరికి సాయంత్రమైంది. అత్తాకోడళ్ళు వాటేసుకుని ఏడ్చారు. భర్త పక్కన నిలబడి నేల చూస్తున్నాడు. కాసేపటికి నాగమల్లేశ్వరి ముఖం తుడుచుకుని ఆస్రా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"మీ రుణం తీర్చుకోలేనమ్మా. రేవు తాళం కూడా తీయించమన్నారా జడ్జి గారు?"

"అది వేరే విషయం నాగమల్లేశ్వరి గారూ. ఇది బెయిలు మాత్రమే. ఒక షరతుంది." ఆస్రా వీలైనంత తేలిగ్గా చెప్పడానికి చూసింది. కేసు అయ్యేదాకా ఆ రేవు గురించి వీడియోలు పెట్టకూడదు, విలేకర్లతో మాట్లాడకూడదు, నలుగురిలో మాట్లాడకూడదు. మాట్లాడితే బెయిలు రద్దవుతుంది.

నాగమల్లేశ్వరి చేతులు మెల్లగా వదిలేసింది.

"కేసెప్పుడైపోద్ది?"

"చెప్పలేం. ఏళ్ళు పట్టొచ్చు."

"మాట్లాడనని ఎవరు చెప్పారు?"

"మీ తరఫున నేను చెప్పాను."

"నన్నడిగారా?"

 "అడిగే టైము లేదండీ. ఒప్పుకోకపోతే పండగ అయ్యేదాకా లోపలే ఉండాల్సి వచ్చేది."

"ఉండేదాన్ని." నాగమల్లేశ్వరి గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "నేను లోపలున్నన్నాళ్ళూ తప్పు వాళ్ళు చేసినట్టుంది లాయరమ్మా. ఇప్పుడు నేను చేసినట్టయింది."

రత్తమ్మ కోడలి భుజం మీద కొట్టింది. "విడిపించినామెను అంటావేందే? పద." ఆటో ఎక్కుతూ నాగమల్లేశ్వరి వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాటికి ఆమె అన్నదే జరిగింది. తప్పుడు వీడియోలు పెట్టిన మహిళ ఇకపై అలా చేయనని కోర్టులో ఒప్పుకుందని ఒక ఛానల్ స్క్రోలింగ్ వేసింది. దుర్గాప్రసాద్ మనుషులు దాన్ని ఫోన్లలో ఫోటో తీసి, "క్షమాపణ చెప్పింది" అని కింద రాసి, ప్రతి గ్రూపుకూ పంపారు. రేవు గేటుకు వాళ్ళ నాయకుడి ఫోటోతో ఒక ఫ్లెక్సీ కట్టారు. చేపలు కొనడానికి వచ్చేవాళ్ళు కొందరు నాగమల్లేశ్వరిని "ఎందుకమ్మా మీకు పెద్దోళ్ళతో" అని మందలించి పోతున్నారని చక్రి చెప్పాడు. ఆమె దేనికీ జవాబు చెప్పడం లేదట. చెబితే అది నలుగురిలో మాట్లాడినట్టవుతుందో ఏమో తెలియక, చేప ధర తప్ప ఇంకేమీ పలకడం లేదట.

ఆ వారంలోనే రామకోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. ఆయనా పెద్ద లాయరే. పాత ప్రభుత్వ హయాంలో పదవిలో ఉన్నారు, ఇప్పుడు ఆ పక్షం ప్రతిపక్షమైంది గనక రోజూ టీవీలో వాక్‌స్వాతంత్ర్యం గురించి మాట్లాడుతున్నారు.

"అమ్మాయ్, కోర్టులో బ్రహ్మాండంగా వాదించావంట. రేపు సాయంత్రం నా పక్కన కూర్చో. మీ జానకిరామ్ పాత వీడియో ఒకపక్క, ఇప్పుడు కోర్టులో వేసిన కౌంటరు ఒకపక్క వేసి చూపిద్దాం. రాష్ట్రమంతా నీ పేరే."

"సార్, అప్పట్లో ఫేస్‌బుక్‌లో రాసిన కుర్రాళ్ళని అరెస్టు చేసినప్పుడు అది సరైనదేనని వాదించింది మీరే కదండీ."

అవతల నుంచి చిన్న నవ్వు. "అప్పటి పరిస్థితులు వేరమ్మా."

ఆస్రా ఆలోచించుకుని చెబుతానని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు. ఆ ఇద్దరి మాటా ఒక్కటే కావడం ఆమెను చాలాసేపు కుదురుగా కూర్చోనివ్వలేదు. తను రాసిచ్చిన వాక్యాలు ఇవాళ ఒకరి నోట్లో, రేపు ఇంకొకరి నోట్లో బాగానే ఇముడుతాయి. ఆ వాక్యాలు ఎవరికోసం పుట్టాయో ఆ మనిషి మాత్రం రేవు ఒడ్డున నోరు కుట్టుకుని కూర్చుంది. కుట్టింది తనే.

సెలవుల్లో ఒక పొద్దున ఆమె రేవుకు వెళ్ళింది. నాగమల్లేశ్వరి చేప పొలుసు తీస్తూ తలెత్తి చూసి, పక్కనున్న పీట జరిపింది. కూర్చోమనలేదు గానీ జరిపింది. ఆస్రా కూర్చుంది.

"ఆ షరతు తీసేయమని మళ్ళీ పిటిషన్ వేద్దామనుకుంటున్నాను. ఈసారి మిమ్మల్ని అడగడానికొచ్చాను. గెలుస్తామని చెప్పలేను."

"వేస్తే మళ్ళీ లోపలేస్తారా?"

"వెయ్యరు. కొట్టేస్తే కొట్టేస్తారు."

"ఏం రాశారో చదవండి."

ఆస్రా చదివింది, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటూ. పిటిషనరు నిరుపేద, నిరక్షరాస్యురాలు, అమాయకురాలు, ఆవేశంలో మాట్లాడింది అనే చోట నాగమల్లేశ్వరి కత్తి ఆపింది.

"నేను పదో తరగతి పాసయ్యాను. అమాయకురాల్ని కూడా కాదు. ఆవేశం కాదమ్మా అది, నెల రోజులు ఆలోచించి మాట్లాడాను. అవి తీసేయండి."

ఆస్రా తీసేసింది. బెయిలు పిటిషన్లలో ఆడవాళ్ళ గురించి ఎప్పుడూ రాసే మాటలవి. ఎవరూ చదవకుండా సంతకం పెట్టేస్తారు. తను కూడా ఇన్నాళ్ళూ వాటిని ఆలోచించకుండానే రాసింది.

కోర్టు తెరిచాక పిటిషన్ అదే జడ్జి గారి ముందుకొచ్చింది. జానకిరామ్ లేచి ఒకే ఒక్క మాట అన్నారు. "ఈ షరతుకు ఆ రోజు పిటిషనరు తరఫు న్యాయవాదే ఒప్పుకున్నారండీ." జడ్జి గారు తలూపి, ఒప్పుకుని లబ్ధి పొందాక ఇప్పుడు కాదంటే కుదరదని చెప్పి కొట్టేశారు. ఆస్రా ఏదో చెప్పబోయింది. అప్పటికే తర్వాతి కేసు పిలిచారు.

వరండాలో ఆమె ఫైలు సర్దుకుంటుంటే జానకిరామ్ పక్కన వచ్చి ఆగారు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకున్నారు.

"ఆ షరతు నిలబడదు. మరీ విస్తారంగా ఉంది. 'పదిమందిలో' అంటే అర్థమేమిటో ఎవరూ చెప్పలేరు. హైకోర్టుకు వెళ్ళు, అది పట్టుకో."

ఆస్రా ఆయన ముఖంలోకి చూసింది. "మరి లోపల ఎందుకు వ్యతిరేకించారు సార్?"

ఆయన గౌను విప్పి చేతిమీద వేసుకున్నారు. ఈ ఏడాదిలో బాగా పెద్దవారైపోయినట్టు కనిపించారు. ఏదో చెబుతారనుకుంది. "మీ నాన్నగారు బాగున్నారా? అడిగానని చెప్పు" అని మెట్లు దిగిపోయారు.

ఆమెకు ఆయన మీద అసహ్యం పుడితే సులువుగా ఉండేది. పుట్టలేదు. రేపు తనకే ఒక పదవి, ఒక కుర్చీ వస్తే ఏం చేస్తుందోనన్న భయం మాత్రం మొదటిసారి కలిగింది.

హైకోర్టులో పిటిషన్ వేసింది. అమరావతి బస్సెక్కి వెళ్ళడం, తన కేసు వచ్చేదాకా నిలబడటం, ప్రభుత్వ న్యాయవాది కౌంటరు వేయడానికి గడువు అడగడం, వాయిదా. మళ్ళీ వెళ్ళడం, మళ్ళీ వాయిదా. చలికాలం వచ్చింది. రేవులో తాళం అలాగే ఉంది. లోపల టిప్పర్లు ఇంకొన్ని పెరిగాయి. బురదలో దిగబోయి ఒకామె జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ సంగతి చెప్పడానికి కూడా నాగమల్లేశ్వరికి వీల్లేకపోయింది. ఎవరో కబురు పెడితే వచ్చిన విలేకరికి ఆమె నమస్కారం పెట్టి తల తిప్పుకుందట.

వాయిదా సంగతి చెప్పడానికి ఆస్రా రేవుకు వెళ్ళిన ఒక మధ్యాహ్నం అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళు, పడవల సంఘం పెద్ద యేసుబాబు కూర్చుని ఉన్నారు. రత్తమ్మ ఆమె కోసమే ఎదురు చూస్తున్నట్టుంది.

"కోర్టు నోరు మూయించింది మా కోడలికే గదమ్మా? నాకు కాదుగా?"

"మీకు కాదు."

"అయితే నేను మాట్లాడతా. యేసుబాబు ఫోన్ పట్టుకుంటానన్నాడు."

"వద్దత్తా" అంది నాగమల్లేశ్వరి. "నీకు బీపీ. లోపల నేల మీద పడుకోవాలి. నీకు తెలీదు."

రత్తమ్మ ఆ మాట విననట్టే ఆస్రా వైపు చూస్తోంది. "నన్నూ పట్టుకుపోతారా?"

"చట్టం ప్రకారం అలా తీసుకుపోకూడదు. ముందు నోటీసివ్వాలి, మీరు వెళ్ళి..."

"చట్టం అడగలేదమ్మా. పట్టుకుపోతారా అని అడిగాను."

ఆస్రా నాగమల్లేశ్వరి వైపు చూసింది. ఆమె కళ్ళు దించుకుంది. జరగదని చెబితే అబద్ధం. మానుకోమంటే ఇంకో నోరు తన చేత్తో మూసినట్టు.

"పోవచ్చు" అంది ఆస్రా. "తీసుకుపోతే నేనొస్తాను. ఎంత తొందరగా విడిపిస్తానో మాత్రం మాటివ్వలేను. ఈసారి మిమ్మల్ని అడక్కుండా దేనికీ ఒప్పుకోను. అంతవరకే చెప్పగలను."

 రత్తమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, గేటు ముందుకు నడిచింది. నాగమల్లేశ్వరి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోబోయి, తను ఆ వీడియోలో కనపడకూడదని గుర్తొచ్చి, మధ్యలోనే ఆగి వెనక్కి వచ్చింది. చేప బుట్ట పక్కన నిలబడి పెదవులు బిగించుకుంది.

యేసుబాబు ఫోన్ ఎత్తాడు. "మాట్లాడు పెద్దమ్మా."

"నా పేరు రత్తమ్మ" అని మొదలుపెట్టింది ముసలామె.   ఈ రేవులో తను ఎప్పటినుంచి చేపలమ్ముతోందో చెప్పింది. కాలు విరిగినామె పేరు చెప్పింది. కోడలిని ఎలా తీసుకుపోయారో చెప్పింది. దుర్గాప్రసాద్ పేరు కూడా చెప్పింది. ఆస్రా ఫోను వెనక నిలబడి ప్రతి మాటా వింటూ, ఇది ఏ సెక్షను కిందికి లాగుతారో, ఈ మాటను కోర్టులో జానకిరామ్ లేచి ఎలా చదివి వినిపిస్తారో, దానికి తనేం జవాబు చెప్పాలో లోలోపల చూసుకుంటోంది. ఒక మనిషి తన బాధ చెప్పుకుంటుంటే ఇలా తూకం వేస్తూ వినడం ఆమెకు సిగ్గుగా ఉంది. అయినా మానలేకపోయింది.

రెండు చోట్ల ఆపమని చెప్పాలనిపించింది. ఆపలేదు. రత్తమ్మ చెప్పదలుచుకున్నదంతా చెప్పి, "ఇంకేం లేదు, ఆపెయ్ బాబూ" అని తనే ముగించింది.

యేసుబాబు ఫోన్ దించి ఆస్రా వైపు చూశాడు. "పంపెయ్యమంటారా అమ్మా?"

"నన్ను కాదు" అంది ఆస్రా. "ఆమెనడుగు."